పుట్టి కథ చివరి ముక్క

నరం కండను తాకదు.

ఈ మాట నాకు చెప్పింది కర్నూలులో డాక్టర్ అబ్దుల్ వహాబ్. రాజోలి బడిలో నేను చదివిన అయిదు తరగతుల చదువులో ఈ సంగతి ఎక్కడా లేదు. తలకాయ నుంచి వేలికొస దాకా ఒకటే తాడు ఉంటుందనీ, పైన గుంజితే కింద కదులుతుందనీ అనుకునేవాణ్ణి. బతుకంతా దారాల మధ్య గడిపినవాడికి ఇంకేం తోస్తుంది?

నా పని అచ్చు అతకడం. మగ్గం మీద పడుగు అయిపోయాక నేతగాడు చీర కోసుకుంటాడు గానీ, చివరి జానెడు పోగుల్ని అచ్చులోనే, దువ్వెన పళ్ళలాంటి దాని సందుల్లోనే వదిలేస్తాడు. ఆ మొండి పోగులకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలివేసి కలపాలి. ఒక్కో పడుగుకు మూడువేల పైచిలుకు అతుకులు. గద్వాలలో మగ్గాలున్న వాడలన్నీ తిరుగుతూ నలభై ఏళ్ళు ఆ పనే చేశాను. వేళ్ళకు పని ఉంటుంది, నోటికి ఉండదు. అందుకని కథలు చెప్పేవాణ్ణి.

పెబ్బేరు సంతలో నేను కొన్న ఎద్దు తాడు తెంపుకుని పోయి, నాకంటే ముందే మా ఇల్లు కనుక్కుని, వాకిట్లో నిలబడి నన్ను ఆలస్యంగా వచ్చానని కసురుకున్న కథ ఒకటి. మా తాత గుమ్మడికాయ డొల్లలో కూర్చుని కృష్ణ దాటి, అవతలి ఒడ్డున గింజలు అమ్ముకుని, తిరుగు ప్రయాణంలో డొల్లను కూర వండుకున్న కథ ఒకటి. మరి నది ఎట్లా దాటాడని అడిగితే, కూర తిన్న బలంతో ఈదాడని చెప్పేవాణ్ణి. నమ్మినవాళ్ళు లేరు, ఆపమన్నవాళ్ళూ లేరు. నా అబద్ధాల వల్ల ఎవరికీ గోరంత నష్టం జరగలేదు, ఎనభై ఎనిమిదో సంవత్సరం దాకా.

బాలకిష్టయ్య ఇల్లు మా ఇంటికి మూడో ఇల్లు. వాళ్ళమ్మ భీమమ్మది కూడా రాజోలే కాబట్టి నన్ను అన్నా అని పిలిచేది, కొడుకు మామా అనేవాడు. బాలకిష్టయ్య భార్య కళావతి నాకు బిడ్డ వరుస. పెదనాయినా అని పిలిచేది. ఆమెకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు ఉంటాయి.

గద్వాల చీరలో నడుమ నూలు, అంచు పట్టు. రెంటినీ తర్వాత కలిపి కుట్టరు, నేసేటప్పుడే అంచు పేకనూ నడిమి పేకనూ ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతారు. దానికి ఇద్దరు కావాలి. బాలకిష్టయ్య మగ్గం గుంటలో కూర్చుని, పేక దారం చుట్టిన నడిమి నాడె విసిరేవాడు. పక్కనే కూర్చుని కళావతి అంచు నాడె ఆడించేది. అతను విసరడం, ఆమె అందుకుని మెలివేయడం, మళ్ళీ విసరడం. పొద్దున పూట వాళ్ళ మగ్గం చప్పుడు వింటే ఒకరే నేస్తున్నారనిపించేది.

మధ్యాహ్నం తర్వాత ఆ చప్పుడు మారేది.

మొదట్లో రెప్పలు వాలేవి. తర్వాత చెయ్యి. నాడె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే జారి ఒళ్ళో పడేది. అన్నం సగం తిన్నాక దవడ ఆడేది కాదు, చేత్తో గడ్డం కిందనుంచి నెట్టుకుని నమిలేది. రాత్రి పడుకుని లేస్తే, సగం వాలిన రెప్పలు తప్ప, మళ్ళీ మామూలు మనిషి. బకెట్టు నీళ్ళు చేదుకునేది, వాకిలి ఊడ్చేది. అదే ఆమెకు చేటు తెచ్చింది. పొద్దున బాగుండి సాయంత్రం పడిపోయే రోగం ఉంటుందని ఎవరు నమ్ముతారు?

"చూస్తున్నవా అన్నా, పొద్దుగాల లేడిపిల్ల, పొద్దుగూకితే పండు ముసల్ది. పని యాల్లకే దీనికి నొప్పులు వస్తయ్" అనేది భీమమ్మ.

"నా చెయ్యి నా మాట ఇంటలేదు అత్తమ్మా" అనేది కళావతి.

"నీ నోరు నీ మాట ఇంటదా భీమమ్మా? కోడలి చెయ్యి ఇనకుంటే ఏమైంది?" అని నేను ఆటపట్టించేవాణ్ణి. కళావతి నవ్వేది. ఆ నవ్వు చూడలేకపోయేవాళ్ళం. పెదాల కొసలు పైకి లేవవు, పై పెదవి ఒక్కటే లేచి పళ్ళు కనిపిస్తాయి. నవ్వితే కసురుకున్నట్టుండేది. ఆమెకూ ఆ సంగతి తెలుసు. నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. క్రమంగా నవ్వడమే మానేసింది.

ఒకరోజు సాయంత్రం నీళ్ళు తాగుతుంటే ముక్కులోంచి వచ్చాయి. బాలకిష్టయ్య భయపడి నా దగ్గరకొచ్చాడు.

"మామా, కర్నూలు వోదాం. నువ్వు గూడ రా. డాక్టర్లు ఏం జెప్తరో నాకు సమజ్ గాదు. నువ్వైతే నాలుగు అచ్చరాలు సదివినోనివి."

గద్వాల స్టేషన్‌లో పొద్దున బండి ఎక్కి ముగ్గురం పోయాం. డాక్టర్ అబ్దుల్ వహాబ్ సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కళావతిని ఎదురుగా కూర్చోబెట్టి గోడమీద బల్లి ఉన్నచోట చూపించాడు.

"దాన్ని చూడు బేటీ. రెప్ప కొట్టకుంట చూస్తుండు."

నిమిషం కాకముందే రెండు రెప్పలూ వాలిపోయాయి. బల్లి ఇంకా అక్కడే ఉంది. డాక్టరు ఏదో అర్థమైనట్టు తల ఊపి, ఒక ఇంజెక్షన్ ఇచ్చి, గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. పావుగంటయింది. పొద్దున మొగ్గ విచ్చుకున్నట్టు, అబద్ధం కాదు, మా కళ్ళ ముందే ఆ రెప్పలు పైకి లేచాయి. రెండేళ్ళ తర్వాత ఆమె కళ్ళు పూర్తిగా చూశాం. ఆమె మొదట చూసింది మొగుణ్ణి.

"ఏమయ్యా, చెవుల కాడ ఎంట్రుకలు నెరిసినయ్, ఎప్పుడు నెరిసినయ్?" అంది.

బాలకిష్టయ్య చెవి పక్కన తడుముకుంటూ చీటీ తీసుకుని మందుల దుకాణానికి పోయాడు. కళావతి బయట వరండాలో చేతులు కడుక్కునే చోట గోడకున్న చిన్న అద్దంలో తన ముఖం చూసుకుంటూ నిలబడిపోయింది. గదిలో నేనూ డాక్టరూ మిగిలాం. ఆయన కాగితం మీద రెండు గీతలు గీశాడు, మధ్యలో కొంచెం జాగా వదిలి.

"పెద్దాయనా, ఇది నరం. ఇది కండ. రెండూ తాకవు. నడుమ సందుంటది. ఎంట్రుకను వెయ్యి చీలికలు చేస్తే ఒక్క చీలికంత గూడ ఉండదు ఆ సందు."

"తాకకుంటే కబురెట్ల పోతది సాబ్?"

"అదే ఖుదా కారీగరి, దేవుని పనితనం. నరం కొసకు సన్న సన్న సంచులుంటయ్, వాటిల్ల ఒక రసం. పైనుంచి కరెంటు తీరు కబురు రాంగనే సంచులు పగులుతయ్. రసం సందు దాటి అవతల కండ మీదున్న గూళ్ళల్ల పడతది. గూడు నిండితే కండ కదులుతది. నరానికీ నరానికీ నడుమ గూడ ఇదే పద్ధతి. నువ్విప్పుడు నా మాట ఇంటున్నవంటే నీ తలకాయల కోట్ల సందులు దాటుతున్నది ఆ కబురు."

నేను ఇన్నేళ్ళుగా చెప్పిన ఏ అబద్ధమూ ఈ నిజమంత పెద్దది కాదు.

"పని అయినంక ఆ రసాన్ని ఊడ్చెయ్యాలె. లేకుంటే తర్వాతి కబురు అందదు. ఊడ్చేటిది గూడ అక్కడే ఉంటది" అన్నాడు. "ఈ బిడ్డకు అవతలి గూళ్ళు పాడైనయ్. ఒంట్లో రక్తమే వాటిని పాడుచేస్తుంది. మొదటి కబుర్లు ఎట్లనో అందుతయ్, పొద్దువోయే కొద్దీ అందవు. నేనిచ్చే గోళీ ఊడ్చేదాన్ని ఆపుతది. రసం ఎక్కువసేపు నిలుస్తది, ఉన్న గూళ్ళకే మల్ల మల్ల తగులుతది."

తర్వాత ఆయన కలం కింద పెట్టి నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు కనిపిస్తుంది.

"ఇది మంచిగ ఇను. రోజుకు ఐదు గోళీలు. ఆరోది నన్నడగకుంట ఎయ్యొద్దు. మందు తక్కువైతే చెయ్యి ఎట్ల పడిపోతదో, ఎక్కువైతే గూడ అట్లనే పడిపోతది. చూస్తే రెండూ ఒక్కతీరే. నోట్లె నీళ్ళు ఊరుతుంటే, కడుపుల మెలివెడుతుంటే, కండ అదురుతుంటే, అది ఎక్కువైనట్టు. గోళీ బంద్ చేసి నా కాడికి రావాలె. నువ్వు సదువుకున్నోనివి, వాళ్ళకు సమజయ్యేటట్టు నువ్వు జెప్పు."

"జెప్త సాబ్" అన్నాను.

తిరుగు బండి తుంగభద్ర వంతెన మీదికి వచ్చింది. కింద నీళ్ళలో నాలుగైదు పుట్లు తిరుగుతున్నాయి, తోలు కప్పిన గుండ్రటి బుట్టల్లా. కళావతి కిటికీ ఊచలకు ముఖం ఆనించి చూస్తోంది.

"డాక్టర్ నీకు అంతసేపు ఏం జెప్పిండు పెదనాయినా?" అంది.

పుట్లు చూడగానే నాకు కథ దొరికింది. దొరికితే నేనాగే మనిషిని కాదు.

"ఈ ఒడ్డు నరం బిడ్డా, ఆ ఒడ్డు కండ. నడుమ తుంగభద్ర. వంతెన లేదు. తలకాయల రాజు కూసోని, చెయ్యెత్తుమని చీటీ రాస్తడు. చీటీలు పుట్లకెత్తుతరు. పుట్టి అవతలి ఒడ్డుకు పోయి గుంజకు కట్టుకుంటెనే చీటీ అందినట్టు."

"మరి నాకు?"

"నీ ఒడ్డున గుంజలు ఎవడో సగం పీకిండు. కట్టుకుందామంటే జాగ లేదు. దానికి తోడు ఆ ఒడ్డుకు ఒక పటేల్ పెత్తనం. వచ్చిన పుట్టిని వచ్చినట్టే గొడ్డలితో పగలగొడతడు, తర్వాతి పుట్టికి అడ్డమని. పొద్దుగాల ఎన్నో పుట్లొస్తయ్, ఏదో ఒకటి గుంజ దొరకబట్టుకుంటది. పొద్దుగూకేటాల్లకు పుట్లు తక్కువైతయ్, పటేల్ మాత్రం అట్లనే ఉంటడు."

"గోళీ ఏం జేస్తది?"

"పటేల్‌కు కల్లు పోస్తది."

కళావతి నవ్వింది. బాలకిష్టయ్య కూడా నవ్వాడు, కానీ అతను కథకు నవ్వలేదు. ఆమె పెదాల కొసలు పైకి లేచాయి. రెండేళ్ళుగా లేవనివి. ఆమె కొంగు అడ్డం పెట్టుకోలేదు. పక్క బెంచీ మీద కూర్చున్న ముసలమ్మ కూడా ఆ నవ్వు చూసి నవ్వింది.

"ఇంకో గోళీ ఏస్తే?" అంది కళావతి నవ్వుతూనే.

అక్కడ చెప్పాలి నేను. కథలో ఆ ముక్క కూడా అమరుతుంది. పటేల్ తాగి పడిపోతే పగలగొట్టేవాడుండడు, పుట్లు ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నిండిపోతాయి, నీళ్ళు కనిపించవు, ఉన్న గుంజలకు కట్టిన పుట్లు కట్టినట్టే ఉంటాయి, కొత్త చీటీ ఒక్కటి కూడా అవతలికి చేరదు. అంతా నా నాలుక మీద ఉంది. కానీ ఆ ముక్క చెబితే ఆ నవ్వు ఆగిపోతుంది. తర్వాత చెప్పొచ్చు అనుకున్నాను. ఇంటికి పోయాక, తీరిగ్గా.

"ఇంకింత తాగి పెండ్లాం పేరు గూడ మర్చిపోతడు" అన్నాను.

ఇద్దరూ పగలబడి నవ్వారు. బండి వంతెన దాటింది. రోజుకు ఐదు అని మాత్రం చెప్పాను, వేళ ప్రకారం వేసుకొమ్మన్నాను. మిగిలింది చెప్పలేదు.

ఆరు నెలలు బాగా గడిచాయి. కళావతి సాయంత్రం దాకా నాడె ఆడించేది. గోళీ వేళ తప్పితే రెప్పలు కొంచెం వాలేవి, వేసుకోగానే లేచేవి. భీమమ్మ నోరు తగ్గింది. ఒక్కోసారి తనే గోళీ చేతిలో పెట్టి, "పటేల్ లేసే యాల్లయింది, తాగియ్యే" అనేది. నా పుట్టి కథ వాడంతా పాకింది. ఏ ఇంట్లో అచ్చు అతుకుతున్నా అదే చెప్పమనేవాళ్ళు. చెప్పినకొద్దీ పెరిగింది. పటేల్‌కు పెళ్ళాం వచ్చింది, పెళ్ళాం చేతికి చీపురు వచ్చింది, పుట్టివాళ్ళ మధ్య సరసాలు వచ్చాయి. డాక్టరు చెప్పిన చివరి మాట మాత్రం ఎన్నిసార్లు చెప్పినా అందులోకి రాలేదు. ముందు కావాలని ఆపాను, తర్వాత అలవాటుగా ఆగింది, చివరికి అటువంటి ముక్క ఒకటి ఉండేదన్నదే మరిచిపోయాను. నేను చెప్పిన కథే నాకు గుర్తుండిపోయింది.

భాద్రపదంలో ముసురు పట్టింది. కళావతికి జ్వరం, దగ్గు. జ్వరం రెండు రోజుల్లో తగ్గింది గానీ చెయ్యి మునుపటిలా లేవలేదు. మధ్యాహ్నానికే నాడె జారుతోంది. మగ్గం మీద మామిడిపిందెల అంచు చీర ఎనిమిది మూరలు అయింది, ఇంకా అయిదు మూరలుంది.

"నేను కూసుంట తియ్. దానికి జర ఆరామియ్యి" అంది భీమమ్మ.

"నీ చెయ్యి గట్టి అమ్మా. అంచు జెప్తది" అన్నాడు బాలకిష్టయ్య.

అతను చెప్పింది నిజం. నూలునూ పట్టునూ మెలివేసే చోట ఒక్కో చేతిది ఒక్కో బిగువు. చీర నడుమ చెయ్యి మారితే అక్కడ అంచు ఇంత ముడుచుకుంటుంది, కట్టుకున్నప్పుడు గీతలా కనిపిస్తుంది. మా దగ్గర ఏ ఇంట్లోనైనా చీర మొదలుపెట్టిన చెయ్యే దాన్ని ముగించాలి. జ్వరంలోనూ నేస్తారు, కడుపుతోనూ నేస్తారు. కళావతి కూడా ఆ పద్ధతిలో పెరిగిన పిల్లే. ఎవరూ బలవంతం చేయలేదు.

నేను వాళ్ళింట్లో నిలబడి ఉన్నప్పుడు ఆమె నన్నే అడిగింది.

"పెదనాయినా, పటేల్ జల్ది లేస్తుండు. ఇంకోటి ఏసుకుంటే ఏమన్నయితదా?"

"ఏమైతది బిడ్డా? ఇంకింత తాగి పంటడు" అన్నాను.

ఆ రోజు ఆరు. ఆ సాయంత్రం చెయ్యి కాస్త నిలిచింది, మూరెడు నేశారు. మర్నాడు ఎనిమిది. ఆ మర్నాడు పది.

మూడోరోజు ఆమె నోట్లో నీళ్ళు ఊరడం మొదలైంది. మింగలేక పక్కన గుడ్డ పెట్టుకుని తుడుచుకుంటోంది. కడుపులో మెలిపెడుతోందంటే, ముసురులో కొత్త నీళ్ళు తాగడం వల్ల అనుకున్నాం. ముఖమంతా చెమట. రెప్పల కింద, బుగ్గల మీద, సన్నగా అదురు కనిపించింది, నీటి మీద చినుకులు పడ్డట్టు. నేను దగ్గరికి వంగి చూసి సంబరపడ్డాను.

"సూడు భీమమ్మా, కండ ఎట్ల కొట్టుకుంటుందో! చీటీలు పోతున్నయ్ ఆడికి. రేపటికి లేస్తది."

"ఏస్కో బిడ్డా" అని భీమమ్మ ఇంకో గోళీ తన చేత్తోనే నోట్లో పెట్టి, గొంతు నిమిరింది. ఆమె కోడలిని బిడ్డా అని పిలవడం నేను వినడం అదే మొదటిసారి.

శనివారం పొద్దున్నే మూడు గోళీలు వేసుకుని కూర్చుంది. పొద్దున పూట ఎన్నడూ పడని చెయ్యి ఆ పూట పడింది. నాడె జారి మగ్గం గుంటలోకి దొర్లిపోయింది. బాలకిష్టయ్య వంగి తీసి ఇవ్వబోతే ఆమె తల అతని భుజం మీదికి వాలింది. మెడ నిలవడం లేదు. మాట ముద్దముద్దగా, నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంది. రిక్షాలో స్టేషన్‌కు తీసుకుపోయి బండి ఎక్కించాం. తోవంతా ఆమె తల నా చేతుల్లో ఉంది. ఊపిరి పైపైనే ఆడుతోంది.

బండి వంతెన మీదికి వచ్చేసరికి బాలకిష్టయ్య ఆమె చెవి దగ్గర నోరు పెట్టాడు.

"కళా, అగో సూడు. పుట్లు."

ఆమె రెప్ప ఎత్తలేదు. నేను చూశాను. ముసురుకు నది నిండుగా ఉంది, పుట్లన్నీ ఒకే చోట గుమిగూడి ఒడ్డున బోర్లించి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆరు నెలల కిందట అదే వంతెన మీద నాలుక చివర దాకా వచ్చి ఆగిన ముక్క. తక్కువైతే ఎట్లనో, ఎక్కువైతే గూడ అట్లనే. డాక్టరు గొంతుతో సహా గుర్తొచ్చింది. చేతుల్లో ఆమె తల బరువెక్కింది. నేను ఒక్క మాట కూడా అనలేదు.

డాక్టర్ అబ్దుల్ వహాబ్ ఆమె కంట్లోకి దీపం వేసి చూశాడు. నల్లగుడ్డు నడుమ పాప ఆవగింజంతే ఉంది.

"ఎన్ని గోళీలు?" అన్నాడు.

"నిన్న పది. ఇయ్యాల పొద్దుగాల మూడు" అన్నాడు బాలకిష్టయ్య. ఎంతో జాగ్రత్తగా చూసుకున్నానన్నట్టు చెప్పాడు.

డాక్టరు నా వైపు చూశాడు. మమ్మల్ని బయటికి పంపించాడు. తలుపు సందులోంచి కనిపించింది. ఇంజెక్షన్లు ఇచ్చి, ముక్కు మీద గరాటులాంటిది ఆనించి, రబ్బరు సంచిని చేత్తో పిసుకుతూ ఊపిరి పోశాడు. ఆయన చెయ్యి అలిసిపోతే నర్సు, నర్సు చెయ్యి అలిసిపోతే మళ్ళీ ఆయన. సాయంత్రం నాలుగు గంటలకు ఇద్దరూ ఆపేశారు.

వరండాలో డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"పెద్దాయనా, ఆ రోజు నేను జెప్పిన మాట వీళ్ళకు జెప్పినవా?"

"జెప్పిన" అన్నాను.

నా జీవితంలో ఎవరినీ నవ్వించని అబద్ధం అదొక్కటే.

ఆయన బాలకిష్టయ్య దగ్గరకు పోయి భుజం మీద చెయ్యి వేశాడు. "జెప్పినంక గూడ ఎందుకిచ్చినవ్ భాయ్ అన్ని?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. బాలకిష్టయ్య జేబులోంచి మందుల చీటీ తీసి తిప్పి తిప్పి చూశాడు.

అప్పటి నుంచి మొదలైంది అతనికి. దినాలు జరుగుతుంటే కూడా మధ్యలో లేచి నా దగ్గరకు వచ్చేవాడు.

"మామా, డాక్టర్ జెప్పిండంట, ఎక్కువ ఎయ్యొద్దని. ఎప్పుడు జెప్పిండు? నాకు యాదికొస్తలేదు."

"ఇప్పుడదెందుకు లేరా."

"నేను మందుల దుకాణంకు పోయినప్పుడా? గాదు, వచ్చినంక గూడ జెప్పుండొచ్చు. నేను ఇంటున్ననా? దాని కండ్లే సూస్తున్ననేమో. ఇని మర్చినట్టున్న మామా. నేనే సంపుకున్న దాన్ని."

అన్నం ముందు కూర్చుని అదే, వాకిట్లో నిలబడి అదే. భీమమ్మ నాతో అంది: "అన్నా, వాడు పిచ్చోడైతుండు. మొన్న గోడకు తలకాయ కొట్టుకుంటుండె, యాదికి రావాలె అని. నువ్వన్న ఏదో కథ జెప్పి మళ్ళియ్యి." నేను తల ఊపి వచ్చేశాను. చెబితే అతను బతుకుతాడు. చెబితే నాకు ఈ వాడలో ముఖం ఉండదు. రెండూ తెలిసి కూడా ఇరవై రోజులు మాట్లాడకుండా ఉన్నాను.

ఇరవై ఒకటో రోజున కబురు పంపాడు, అచ్చు అతకడానికి రమ్మని.

పోయేసరికి చీరనూ, నేయకుండా మిగిలిన పడుగునూ కోసేసి ఉంచాడు. తొమ్మిదిన్నర మూరల దగ్గర, అంచులో ఒక మామిడిపిందె సగంలో ఆగిపోయింది. ఆ చీర ముక్కను చుట్టి దూలం మీద పెట్టాడు. అచ్చులో మొండి పోగులు వేలాడుతున్నాయి. కొత్త పడుగు పరిచి ఉంది. నేను బూడిద తెచ్చుకుని కూర్చుని మొదలుపెట్టాను. పాత పోగు, కొత్త పోగు, మెలి. పాత పోగు, కొత్త పోగు, మెలి. కళావతి నాడె కింద నడవాల్సిన పోగులు అవి.

భీమమ్మ గడపలో కూర్చుంది. "ఏందన్నా, ఇయ్యాల కథ లేదా?" అంది, ఏడుపు గొంతుతో.

బాలకిష్టయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పెరిగింది. "పుట్టి కథ జెప్పు మామా. అది నవ్విన కథ. ఒక్కసారి జెప్పు" అన్నాడు.

నూటయాభై పోగుల దాకా అతికి ఉంటాను. చేతులు ఆపకుండానే చెప్పాను. ఒడ్డు, రాజు, చీటీలు, గుంజలు, పటేల్, గొడ్డలి, కల్లు. భీమమ్మ ముక్కు చీదుతోంది. కళావతి అడిగిన చోటికి వచ్చాను. ఇంకో గోళీ ఏస్తే? అక్కడ నా చేతులు ఆగిపోయాయి.

"దీనికి ఇంకొక ముక్క ఉందిరా బాలకిష్టయ్యా. నేనెన్నడూ జెప్పలే."

చెప్పాను. పటేల్ లేవడు. పుట్లు వస్తూనే ఉంటాయి. ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండిపోతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కదలవు. నీళ్ళు పొంగి గట్టు మీదికి వస్తాయి, అదే నోట్లో ఊరింది. ఇరుక్కున్న పుట్లు గుంజల్ని ఊపుతాయి, అదే ఆ అదురు. రాజు అక్కడ చీటీలు రాస్తూనే ఉంటాడు, చెయ్యెత్తు, మెడ ఎత్తు, ఊపిరి పీల్చు అని. ఒక్కటీ దాటదు.

"డాక్టర్ ఈ ముక్క నాకే జెప్పిండు. నువ్వు దుకాణంల ఉన్నవ్. అది అద్దం ముందటుండె. మీకు జెప్పుమన్నడు. బండిల అది నవ్వుతుండె. నవ్వు ఆగిపోతదని జెప్పలే. నువ్వు మర్చిపోలే బిడ్డా. నువ్వసలు ఇననేలే."

బయట ఎవరింట్లోనో మగ్గం ఆడుతోంది. బాలకిష్టయ్య ముఖంలో ఇరవై రోజులుగా ఉన్నదేదో వదిలిపోవడం చూశాను. దాని చోటికి ఇంకొకటి వచ్చింది.

"పడుగుకు గంజి తక్కువైతే పోగు తెగుతది" అన్నాడు మెల్లగా, ఎక్కం అప్పజెబుతున్న పిల్లవాడిలా. "ఎక్కువైతే గూడ పెటుక్కుమంటది. సూస్తే ఒక్కతీరుగనే తెగుతది. వేలు పెట్టి తడిమి సూసి, ఎక్కువైందా తక్కువైందా తెలుసుకోవాలె. మా నాయిన నాకు ఏడేండ్లప్పుడు నేర్పిండు గీ సంగతి. మగ్గం మీద కూసున్న ప్రతోనికి తెలుసు. దానికి గూడ తెలుసు."

"అవును బిడ్డా."

"గా ఒక్క ముక్క జెప్తే సమజ్ గాకపోవునా మామా మాకు?"

అతను లేచి మగ్గం దగ్గరకు వచ్చాడు. నా చేతిలోని పోగును మెత్తగా విడిపించి పక్కన పెట్టాడు. అచ్చును ఎత్తి పట్టుకుని, మొండి పోగుల్ని గుప్పిటతో పట్టి లాగాడు. ఏ నేతగాడూ చేయని పని అది. అచ్చు ఖాళీ అయితే మళ్ళీ మూడువేల పోగుల్ని ఒక్కొక్క సందులోంచి కొత్తగా ఎక్కించాలి, వారం పని. కానీ అతకడానికి ఇక ఏమీ ఉండదు. పోగులు అచ్చు సందుల్లోంచి సర్రున జారి వచ్చేశాయి.

"నువ్వు పో మామా. నేనే ఎక్కిచ్చుకుంట" అన్నాడు. మామా అనడం మానలేదు.

భీమమ్మ గడపలోంచి లేచి నాకు దారి ఇచ్చింది, ముఖం పక్కకు తిప్పుకుని. నా వేళ్ళకు బూడిద అట్లాగే ఉంది. వాకిట్లో ఆగి వెనక్కి చూస్తే, తలుపులోంచి అతను కనిపించాడు, ఊడిన పోగుల కట్టను చేతిలో పట్టుకుని. నేను అప్పటిదాకా అతికిన నూటయాభై కొత్త పోగులు కూడా వాటి వెంటే వచ్చి వేలాడుతున్నాయి. ఒక్క అతుకూ ఊడలేదు.